అతుకుల కాయిళ్ల కాలనీలో కంప్యూటర్ రేడియో

మొన్న గోదావరిఖనిలో కొందరు రేడియో పిచ్చివాళ్లు నన్ను పిలిచి, సాఫ్ట్‌వేర్ రేడియో అంటే ఏమిటో కొత్తగా ఈ సరదాలోకి వచ్చేవాళ్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. పిచ్చివాళ్లు అనే మాట గౌరవంగానే వాడుతున్నాను, నేనూ ఆ బాపతు మనిషినే. సొంతంగా లైసెన్సు తెచ్చుకుని, ఇంటి మీద తీగ కట్టుకుని, ఎన్నడూ మొహం చూడని మనిషితో గాలిలో మాట్లాడి, "మీరు బాగా వినపడుతున్నారు" అనే ఒక్క మాట కోసం ముందున్న అన్నం చల్లారబెట్టుకునే జాతి మాది. నన్ను సభకు పరిచయం చేసిన పెద్దమనిషి మైకు పట్టుకుని, బొగ్గుగనుల ప్రాంతానికి ఈ విద్య ఇవాళే మొట్టమొదటిసారి వస్తున్నదని ప్రకటించాడు. నేను కుర్చీలోంచే అడ్డుపడ్డాను. మైకు లేకపోయినా నా గొంతు వెనక వరసదాకా పోతుంది, ఆ సంగతి మా ఇంట్లోవాళ్లను అడిగితే చెప్తారు. తెలంగాణ రాకముందే, ఆయనింకా కాలేజీలో ఉండే రోజుల్లోనే ఇది ఇక్కడికి వచ్చిందని, వచ్చిన క్వార్టరు ఎక్కడుండేదో చూపిస్తానని, కాకపోతే ఇప్పుడక్కడ ఓపెన్‌కాస్టు గని గొయ్యి ఉందని చెప్పాను. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చి కూర్చున్నాక ఆ క్వార్టరు నన్ను వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

సభలో చెప్పింది ఇక్కడా కొంచెం చెప్తాను, లేకపోతే నా సంబరం ఎందుకో మీకు అర్థం కాదు. మామూలు రేడియోలో పనంతా వస్తువులు చేస్తాయి. తీగ మీద ఒక్కసారిగా వచ్చిపడే వందల సంకేతాల్లోంచి ఒక్కదాన్ని ఏరడానికి కాయిళ్లు, కెపాసిటర్లు, ఫిల్టర్లు ఉంటాయి. నాబు తిప్పితే స్టేషను మారుతుంది. ఒకసారికి ఒక్కటే వినగలం, పక్కన ఎవరున్నారో తెలియదు. తలుపు సందులోంచి పెళ్లిపందిరిని చూడడంలాంటిది. సాఫ్ట్‌వేర్ రేడియోలో ఒక చిన్న బోర్డు గాలిలోంచి ఒక ముక్కను అమాంతం కిందికి దించి కంప్యూటర్ చెవిలో పోస్తుంది. ఏరడం, వడగట్టడం, వినిపించడం అన్నీ కంప్యూటర్ లెక్కలతో చేస్తుంది. లెక్కలు కనుక ఆ ముక్క మొత్తాన్ని ఒకేసారి బొమ్మ గీసి చూపించగలదు. ఆ బొమ్మను వాటర్‌ఫాల్ అంటాం. నల్లటి తెర మీద పైనుంచి కిందికి సన్నటి ధారలు జారుతుంటాయి, ఒక్కో ధార ఒక్కో మనిషి. ఏ ధార మీద మౌసు నొక్కితే ఆ మనిషి వినపడతాడు. తలుపు బార్లా తెరిచి పందిట్లోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది.

ఇందులో ఒక చిక్కుంది. కంప్యూటర్‌కు బోర్డు నుంచి ఒక్క సంకేతం ఇస్తే చాలదు. ఎడమకొకటి, కుడికొకటి, రెండు ఇవ్వాలి, అవీ పావు చుట్టు తేడాతో. ఎందుకని సభలో ఒకమ్మాయి అడిగింది. పుస్తకాల్లో దీనికి పేజీలకు పేజీల లెక్కలుంటాయి, నేను మాత్రం బాయి చక్రం చూపించాను. మా వైపు గనిని బాయి అంటారు. బాయి మీద, మనుషుల్ని దించే తాడు తిరిగే పెద్ద చక్రం ఉంటుంది కదా, దాని అంచున ఒక సున్నం బొట్టు పెట్టి, దూరంగా అంచుకు ఎదురుగా నిలబడి చూడండి. బొట్టు పైకి పోతుంది, కిందికి వస్తుంది, అంతే. చక్రం ఇటు తిరుగుతోందో అటు తిరుగుతోందో, మనుషులు దిగుతున్నారో ఎక్కుతున్నారో చెప్పలేరు. ఇంకొకరు పైనుంచి చూస్తే వాళ్లకు బొట్టు ముందుకీ వెనక్కీ పోతుంది. ఇద్దరి మాటా కలిపితేనే చక్రం ఎటు తిరుగుతోందో తేలుతుంది. రేడియోలోనూ అంతే, ఒక్కరి సాక్ష్యం నమ్మితే ప్రతి సంకేతానికీ అద్దంలోలాగా ఒక దొంగ సంకేతం పుడుతుంది. నేను మొదట నా బోర్డును కంప్యూటర్ మైకు రంధ్రంలో గుచ్చాను. దానికి ఒకటే చెవి. తెరను మధ్యకు మడిచినట్టు రెండు వైపులా ఒకటే బొమ్మ వచ్చింది. రెండు చెవులున్న రంధ్రం పక్కనే ఉందని తెలుసుకోవడానికి నాకు ఒక సెలవుదినం మొత్తం పట్టింది.

గొయ్యి ఉన్నచోట అప్పట్లో మా క్వార్టర్ల లైను ఉండేది. ఒకే కప్పు కింద వరసగా ఇళ్లు, ముందు ఇంత వాకిలి, వెనక నల్లా, నల్లా పక్కన జామచెట్టో, జామచెట్టు ఉండాల్సిన చోట పాత సైకిలో. నాన్న ఏ షిఫ్టులో ఉంటే మా ఇంటి పొద్దు ఆ షిఫ్టుది. మొదటి షిఫ్టు వారమైతే కోడి కూయకముందే టిఫిను గిన్నె మూత చప్పుడు. నైటు షిఫ్టు వారమైతే పగలు ఆయన నిద్ర చెడకుండా ఇంటిల్లిపాదీ సైగలతో కాపురం. బ్లాస్టింగు వేళకు గూట్లో గిన్నెలు గలగలమనేవి. అమ్మ ఒక చేత్తో వాటిని పట్టి ఆపి, రెండో చేత్తో పోపు వేసేది. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆ లైను వాసన వస్తుంది. తడి బొగ్గు, డ్యూటీ బట్టలు నానబెట్టిన బకెట్టు, ఎర్రగా కాలిన కాయిలు.

కాయిలు గురించి చెప్పాలి. కరెంటు బొగ్గుగని కంపెనీదే, బిల్లు అనేది మాకు తెలియదు. అందుకని ప్రతి వంటింట్లో ఒక హీటరు పొయ్యి ఉండేది. మట్టి పలకలో గాడులు, గాడుల్లో స్ప్రింగులాంటి కాయిలు. హీటర్లు వాడొద్దని కంపెనీవాళ్లు అప్పుడప్పుడు చెకింగుకు వచ్చి ఎత్తుకుపోయేవాళ్లు. వాళ్లు లైను మొదట్లో జీపు దిగేసరికి లైను చివరిదాకా హీటర్లన్నీ బియ్యం డబ్బాల వెనక్కి పోయేవి. కాయిలు తెగితే కొత్తది కొనడం మా ఆడవాళ్ల లెక్కలో చేతకానితనం. తెగిన రెండు కొసలూ సాగదీసి మెలిపెడితే మళ్లీ నడుస్తుంది. మా అమ్మ హీటరులో కాయిలెంతో అతుకులెంతో చెప్పడం కష్టం. ఆ అతుకు దగ్గర చిటచిటమని సన్నటి నిప్పురవ్వ మెరుస్తూ ఉంటుంది. దానితో అన్నానికి పేచీ లేదు. రేడియోకు ఉంది. అలాంటి రవ్వ ప్రతిదీ ఒక చిన్న పిచ్చి ట్రాన్స్‌మిటరే. కానీ ఆ సంగతి అప్పటికి నాకింకా తెలియదు.

మాకు కొన్ని ఇళ్ల అవతల దేవదానం కాక ఉండేవాడు. బాయిలోకి గాలి తోలే పెద్ద ఫ్యాను దగ్గర ఆపరేటరుగా చేసి, రిటైరై దిగిపోయాడు. క్వార్టరు ఆయన భార్య రూతమ్మ చిన్నమ్మ పేరు మీద ఉండేది, ఆమె కంపెనీ దవాఖానలో నర్సు. మాకు చుట్టరికమేమీ లేదు, మా లైన్లో పెద్దవాళ్లందరూ కాకలూ చిన్నమ్మలే. ఆయన ఇంటి మీద నీళ్ల ట్యాంకు నుంచి వేపచెట్టు దాకా పొడవాటి రాగితీగ, ముందుగదిలో ఒక మూల ఆయన చేత్తో చేసుకున్న సెట్టు, ఇత్తడి మోర్సు కీ. చిన్న దెబ్బ, పొడుగు దెబ్బ, వాటి కూర్పుతో అక్షరం. నేను బళ్లో చదివేటప్పుడు ఆ కీ మీదే నాకు మోర్సు నేర్పాడు. ప్రేమగా నేర్పాడని ఎవరైనా రాస్తే నమ్మకండి. "గిదేం రాత, అవుతలోడు నవ్వుతడు" అని తిట్టి తిట్టి నేర్పాడు. నేనూ తిరగబడి తిరగబడి నేర్చుకున్నాను. మా ఇద్దరి వాదనలూ వీధిలోకి వినపడేవి. చిన్నమ్మ మధ్యలో చాయ్ పెట్టి పోయేది, అది చల్లారేది.

నేను డిగ్రీ చివర్లో ఉన్న ఏడాది దేవదానం కాక ఉన్నట్టుండి ఒక నిర్ణయం చెప్పాడు. బ్యాండు, అంటే మా రేడియోవాళ్లు మాట్లాడుకునే గాలి ముక్క, చచ్చిపోయిందట, ఎవడూ మోర్సు రాయడం లేదట, ఊరికే గరగర వింటూ కూర్చోవడం దండగట. వచ్చే ఆదివారం చర్చి నుంచి వచ్చాక తీగ దింపేస్తాడట, లైసెన్సు కూడా ఇక చాలునట. మందమర్రిలో టీవీలు బాగుచేసే రాజలింగు అన్నకు, ఆయనా మా రేడియో బాపతే, తీగ ఇస్తానని మాట కూడా ఇచ్చేశాడు. అప్పుడే నా బోర్డు తయారైంది. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని సర్క్యూటు దింపుకుని, సామాను హైదరాబాదు కోఠీ సందుల్లో ఏరుకొచ్చి, వంటింటి గట్టు మీద సోల్డరు పొగ పీలుస్తూ చేసుకున్న బోర్డు. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దది. మంచి తీగ లేకపోతే అది గుడ్డిది. ఉన్నమాట చెప్తున్నాను, కాక ఇంటికి నేను పరుగెత్తింది ఆ తీగ కోసమే.

"బ్యాండు సావలేదు కాకా. ఆదివారం దాంక ఆగు, నా కంప్యూటర్ల చూపిస్త" అన్నాను.

"కంప్యూటర్ల చూసేది రేడియో ఎట్లయితది? అది టీవీ. నాబు లేదు, డయల్ లేదు. రేపు కీ గూడ అక్కర లేదంటవ్."

"నాబుంటెనే రేడియో అయితే మా అమ్మ మిక్సీకి గూడ ఉన్నది. దాన్ల విను."

చిన్నమ్మ లోపలి గదిలోంచి గట్టిగా నవ్వింది. కాక నవ్వలేదు కానీ, తీగ కొస నా బోర్డుకు తగిలించుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే నాన్న, నేను మా కంప్యూటర్‌ను, అప్పటి లావుపాటి మానిటరుతో సహా, కాక ముందుగదికి మోశాం. కంప్యూటర్ కాపురానికి పోయిందని అమ్మ లైనంతా చెప్పుకుంది.

మరునాడు మధ్యాహ్నం కాలేజీ ఎగ్గొట్టి తీగ తగిలించాను. తెర మొదట నల్లగా ఉంది, తరవాత నీలంగా మారింది, ఆపైన ఒకదాని పక్కన ఒకటి, సన్నగా, తెల్లగా, మనుషులు దిగడం మొదలుపెట్టారు. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. అంత వయసొచ్చిన పిల్లను చిన్నమ్మ ఇంట్లో గెంతులు వేశాను. ఒకరు మాట్లాడుతుంటే పక్కన ఇంకొకరు ఎవరినో పిలుస్తున్నారు, ఆ చివర ఎవరో మోర్సు కొడుతున్నారు, అందరూ ఒకేసారి నా కళ్లముందు. బ్యాండు చావలేదు. బ్యాండు జాతరలాగా ఉంది. మోర్సు ధార మీద మౌసు నొక్కి, స్పీకరు పిన్ను పీకి, హెడ్‌ఫోను తీసి కాక చెవులకు పెట్టాను, ఎట్లుందో చెప్పమన్నాను. కాక కళ్లు సగం మూసి, తల ఊపుతూ కాసేపు విన్నాడు.

"మంచిగనే ఉన్నది. జర గరగర ఎక్కువున్నది" అన్నాడు.

నేను గెలిచినట్టు నవ్వబోయి బల్ల వైపు చూశాను. హెడ్‌ఫోను పిన్ను బల్ల మీద పడి ఉంది. నేను దాన్ని గుచ్చనేలేదు.

పిన్ను మీద నా నోటుపుస్తకం జరిపి పెట్టి, నీళ్లు తాగొస్తానని వంటింట్లోకి పోయాను. అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఏళ్ల తరబడి ఆ ఫ్యాను పక్కన కూర్చున్న మనిషి, ఈ మధ్య ఎప్పుడు మాట్లాడినా మన మూతి వైపే చూసే మనిషి. అరుస్తాడని అనుకునేవాళ్లం, కానీ మా కాలనీలో యంత్రాల దగ్గర పనిచేసిన మగవాళ్లందరూ అరుస్తూనే మాట్లాడతారు, ఎవరికి అనుమానం వస్తుంది? బ్యాండు చచ్చిపోలేదు. కాకకు బ్యాండు వినపడటం లేదు. మోర్సు ఈల సన్నటిది, ముందు పోయేది అదే. చిన్నమ్మ కూరగాయలు తరుగుతూ నా మొహం చూసి కత్తి ఆపింది. "నాకు తెల్వదా బిడ్డా. దవాఖానల చెవులు చూపిద్దాం రమ్మంటే, నీ దోస్తుల ముంగట నేను చెవిటోన్నని రాయించుకోవాల్నా అంటడు. నువ్వు గూడ తెల్వనట్టే ఉండు" అంది.

తీగ కోసం వచ్చిన దాన్ని, తీగ సంగతి మరిచిపోయాను. ఎందుకంటే అప్పటికే నా బుర్రలో ఒకటి వెలిగింది. ఆ మోర్సు చెవికి వినపడేదే సరే, కానీ అది కనపడుతోంది కూడా. తెర మీద ధార తెగి తెగి పడుతోంది, చిన్న దెబ్బకు చిన్న ముక్క, పొడుగు దెబ్బకు పొడుగు ముక్క. ధార జారే వేగం పెంచితే ముక్కలు విడివిడిగా, చదవడానికి వీలుగా సాగుతాయి. మోర్సును అక్షరాలుగా మార్చే ప్రోగ్రాములూ ఉండేవి. పెట్టి చూశాను, అర్థంపర్థం లేని అక్షరాలు కక్కింది. గరగరను కూడా అది మోర్సే అనుకుంటుంది. మనిషి కన్ను అలా మోసపోదు. ఆదివారం రాజలింగు అన్న పటకారుతో వచ్చేలోపు కాక కళ్లకు ఆ ధార చూపించాలి. చూపించి, చెవుల సంగతి నాకు తెలుసని ఆయనకు తెలియకుండా చూడాలి. రెండోదే నాకు కష్టం.

శనివారం పొద్దున వంటల వేళ మళ్లీ పరీక్షకు కూర్చుంటే తెర మీద ఒక్క ధార లేదు. ఎడమ నుంచి కుడి దాకా తెల్లటి పరదా, జల్లెడలో పిండి రాలినట్టు. మధ్యాహ్నం వంటలు అయిపోయాక పరదా దానంతట అదే లేచిపోయింది. నాకు హీటర్లు గుర్తొచ్చాయి. మరి ఆదివారం చర్చి వదిలే వేళ అంటే లైనంతా కూరలు ఉడికే వేళ. జేబు ట్రాన్సిస్టర్‌ను ఏ స్టేషనూ లేని చోట పెట్టి, అది ఎక్కడ ఎక్కువ గోల చేస్తే అక్కడ అతుకుల కాయిలు ఉన్నట్టని, సాయంత్రం వంటలు మళ్లీ మొదలయ్యే వేళకు ఇంటింటికీ బయలుదేరాను. చదువుకున్నదాన్ని కదా, శాస్త్రం చెప్పి ఒప్పించవచ్చని నా ధీమా. అతుకు అంటే ఏమిటో, రవ్వ అంటే ఏమిటో, రేడియో తరంగమంటే ఏమిటో గుమ్మం గుమ్మంలో ఉపన్యాసం ఇచ్చాను, ఆదివారం ఒక్కపూట హీటరు ఆపమన్నాను. ఒకామె నా మాట పూర్తిగా విని, "గాలిల ఎవడో టిక్కుటిక్కు అంటె నువ్వు వినేతందుకు మా ఇంట్ల ఆదివారం కూర బందు పెట్టాల్నా? నీకు జల్ది మంచి నౌకరి దొరకాలె తల్లీ, ఖాళీగుంటే ఇంతే" అంది. ఇంకొకామె తన హీటరులో అతుకే లేదని బైబిలు మీద ఒట్టేసింది, వెనక చిటచిట వినపడుతూనే ఉంది. అందరితో పోట్లాడి, గొంతు బొంగురుపోయి, లైను చివరికి వచ్చేసరికి ట్రాన్సిస్టర్ ఎన్నడూ లేనంతగా అరవడం మొదలుపెట్టింది. తలెత్తి చూస్తే మా వంటిల్లు.

అమ్మ హీటరు మీద పప్పు ఉడుకుతోంది. ట్రాన్సిస్టర్ నా చేతిలో ఈదురుగాలిలాగా రొద పెడుతోంది. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"లైనంత తిరిగి లొల్లి పెట్టుకున్నవట గదా. ఇగ నాతోటి గూడ పెట్టుకో" అంది.

పెట్టుకోలేదు. అలిసిపోయి గడప మీద కూర్చుని, ఎవరికీ చెప్పొద్దన్న సంగతి అమ్మకు చెప్పాను. పిన్ను సంగతి, కాక తల ఊపిన సంగతి. అమ్మ హీటరు ప్లగ్గు పీకేసింది, సగం ఉడికిన పప్పు గిన్నెను పక్కన పెట్టి, కొంగు సరిచేసుకుని బయటికి పోయింది. చాయ్ తాగినంత సేపట్లో తిరిగొచ్చింది. ఏం చెప్పావని అడిగితే, "రేపు పొద్దున్నుంచి పొద్దుగూకే దాంక కరెంటోళ్ల చెకింగ్ ఉన్నదట, దొరికిన హీటరు మల్ల ఇయ్యరట అని చెప్పిన" అంది. నా ఫిజిక్సు మొత్తం కదిలించలేనిదాన్ని ఆ ఒక్క వాక్యం కదిలించింది. చీకటి పడకముందే లైన్లో ఒక్క హీటరు కంటికి కనపడలేదు. అబద్ధం ఆడిందని నేను అమ్మతో ఈనాటికీ వాదించలేదు. వాదించని విషయాలు మా మధ్య అంత ఎక్కువేం లేవు.

ఆదివారం వాకిళ్లన్నిట్లో అటకల మీది బొగ్గు పొయ్యిలు దిగాయి. ఆ పొగ వాసన, పచ్చిబొగ్గు అంటుకునేటప్పుడు గొంతులో గీరే ఆ పసుపురంగు పొగ, దాని వెంటే ఇంటింటా మసాలా. పిల్లలు విసనకర్రలతో ఊపుతూ దగ్గుతున్నారు. చెకింగోళ్లను తిట్టని ఇల్లు లేదు. కాక ముందుగదిలో నేను తెర ముందు కూర్చున్నాను. తెర నల్లగా ఉంది, శుభ్రంగా, చీపురుతో ఊడ్చినట్టు. ధారలు దిగుతున్నాయి. స్పీకరు పిన్ను పీకి బల్ల వెనక్కి తోసేశాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఇప్పటి మాట చెప్తాను. సభలో నా ముందున్న బల్ల మీద పెన్‌డ్రైవులాంటి, బొటనవేలంత పుల్ల ఒకటి ఉంది. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చితే, నేను నెలల తరబడి చేసిన పని అంతా, అంతకు ఎన్నో రెట్లు వెడల్పు ముక్కతో, చిటికెలో చేస్తుంది. విమానాలు కనపడతాయి, వాతావరణ ఉపగ్రహం మన నెత్తి మీదుగా పోతూ మబ్బుల బొమ్మ పంపిస్తుంది, ఎక్కడో దూరదేశంలోని రిసీవరును మంచం మీద పడుకుని ఫోనులో తిప్పవచ్చు. అప్పుడే బాగుండేదనే ఏడుపు నాకు చేతకాదు, ఇప్పుడే బాగుంది. పుల్ల కొనుక్కోండి, ఇవాళే గుచ్చండి. హీటర్లు పోయాయి కానీ ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు వచ్చాయి, పరదా ఇప్పుడు రోజంతా ఉంటుంది. ఒక్కటే తేడా. అప్పుడు ఆ పరదా ఎవరింట్లో పుడుతోందో, ఆమె పేరేమిటో, ఆమెతో ఎలా పోట్లాడాలో తెలిసేది. ఇప్పుడు గోడ అవతల ఎవరున్నారో తెలియదు కనుక ఫిల్టరు కొంటున్నాం.

చర్చి నుంచి కాక తెల్లచొక్కాతో వచ్చాడు. వెనకే రాజలింగు అన్న బండి మీద, పటకారుతో. వచ్చీరాగానే నిచ్చెన అడిగి గోడకు ఆనించాడు. నేను కాకను తెర ముందు కూర్చోబెట్టి, స్పీకరు పాడైందని, ఈ పూట ఎవరికీ ఏదీ వినపడదని, చూడడమేనని గట్టిగా, ఇద్దరికీ వినపడేట్టు చెప్పాను. రాజలింగు అన్న కిటికీలోంచి, చప్పుడు లేని రేడియో ఏందని నవ్వాడు. నేను సమాధానం చెప్పలేదు, దానికి నేను పడ్డ కష్టం నాకే తెలుసు. ఒక ధార మీద వేలు పెట్టి, వేగం పెంచాను.

"గదేంది, తెగిన దారం లెక్క?" అన్నాడు కాక.

కాక ఇంకాస్త ముందుకు వంగాడు. పొడుగు ముక్క, చిన్న ముక్క, పొడుగు, చిన్న. బల్ల మీద ఆయన చూపుడువేలు ముందు కదిలింది, పెదవులు తరవాత. వేలు ఆ ముక్కలతో కలిసి కొట్టుకుంటోంది, ఆయనకే తెలియకుండా. అది ఎవరైనా ఉన్నారా అని అందరినీ పిలిచే పిలుపు. ఒకసారి చదివాడు, రెండోసారి పైకి చదివాడు. పైన కప్పు మీద అడుగుల చప్పుడైంది, తీగ ఊగి తెర మీద ధార వణికింది. కాక కుర్చీలోంచి లేచి, వాకిలి దద్దరిల్లేట్టు అరిచాడు.

"ఏ రాజలింగూ! తీగ ముట్టకు, లైన్ల మనిషున్నడు!"

నన్ను పక్కకు జరగమని, కీ ముందు కూర్చున్నాడు. స్విచ్చు వేసి, గాలిలో తన పేరైన కాల్‌సైన్ కొట్టాడు, కొట్టి తీగను మళ్లీ నా బోర్డుకు తిప్పాడు. రాజలింగు అన్న నిచ్చెన దిగి గుమ్మంలోకి వచ్చాడు, చిన్నమ్మ చేతికి పిండితో ఆయన వెనక నిలబడింది. ధార కాసేపు ఖాళీగా జారింది. తరవాత ముక్కలు దబదబా దిగాయి. అవతల ఉన్నది నాగపూరు వైపు రైల్వేలో తంతి పని చేసి దిగిపోయిన ముసలాయన. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు, ఎన్నో ఏళ్లు గాలిలోనే తిట్టుకున్నారు. కాక అక్షరం అక్షరం చదువుతూ, "కొట్టే తీరు విని నా చెయ్యి గుర్తువట్టిండు. ఇన్నేండ్లు ఎటువోయినవ్ అంటున్నడు" అన్నాడు.

కీ మీద చెయ్యి అలాగే ఉంది. బ్యాండు చచ్చిపోయిందని ఆయన మా అందరికీ చెప్పిన మాట అవతలి మనిషికి చెప్పడానికి కుదరదు, రోజూ బ్యాండు మీదే ఉన్న మనిషి ఆయన. గుమ్మంలో ఉన్న రాజలింగు అన్నకు మోర్సు వచ్చు, నాకు వచ్చు. ఏం కొట్టినా మేం వింటాం. కాక మా వైపు చూడలేదు. మెల్లగా, ఒక్కో దెబ్బా విడదీసి కొట్టాడు. చెవులు పోయాయి. నువ్వు వినపడవు. ఇప్పుడు నిన్ను చూస్తున్నాను.

రాజలింగు అన్న పటకారును చప్పుడు కాకుండా కిటికీ మీద పెట్టేశాడు. చిన్నమ్మ పిండి చేత్తోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధార చాలాసేపు ఖాళీగా జారింది. మళ్లీ మొదలైనప్పుడు ముక్కలు ముందులాగా లేవు. ఒక్కోటీ పొడుగ్గా, దేని చోటున అది ఎడంగా, పలక మీద దిద్దబెట్టినట్టు దిగుతున్నాయి. అయితే మెల్లగా రాస్తాను, అంటున్నాడు అవతలాయన.

కాక ఆ సాగదీసిన గీతల వంక చూస్తూ ఉండిపోయాడు. కళ్లు తుడుచుకుంటాడేమో అనుకున్నాను. మొహం చిట్లించి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"వీనికి నేను బడిపోరని లెక్క కొడుతున్ననా? చెవులు పోయినయ్ అన్న గాని చెయ్యి పోయిందన్ననా? జల్ది రాయమని చెప్త ఆగు" అని, నేను ఎన్నడూ వినని వేగంతో కీ కొట్టడం మొదలుపెట్టాడు.